కువైట్ విమాన సీట్ల కోటా ఎవరి సొత్తు? మన ఎయిర్‌లైన్లకు దాన్ని ఏ లెక్కన పంచుతారు?

ప్రశ్న: కనిగిరి సభ్యుడు

అందరికీ నమస్కారం. మాది కనిగిరి దగ్గర ఒక పల్లె. మా బావగారు పదకొండేళ్లుగా కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నారు. ఈ ఏడాది వాళ్ల నాన్నగారి సంవత్సరికానికి రావాలని రెండు నెలల ముందే టికెట్ కొనుక్కున్నారు. ప్రయాణానికి వారం ముందు ఆ ఎయిర్‌లైన్ ఆ రోజు సర్వీసును రద్దు చేసి డబ్బు తిరిగి ఇచ్చింది. అదే వారంలో చెన్నైకో హైదరాబాదుకో మరో విమానంలో చోటు కోసం వెతికితే, మిగిలిన ఒకటి రెండు సీట్ల ధర ఆయన మొదట కట్టినదానికి మూడింతలు ఉంది. సేటు ఇచ్చిన సెలవు పది రోజులే కాబట్టి తేదీ జరుపుకోవడానికి వీలు లేకపోయింది. పెద్ద కొడుకు ఉండి కూడా ఆయన రాలేక, ఆ కార్యం తమ్ముడి చేతుల మీదుగా జరిగింది. ఆ రోజు మా అక్క పడిన బాధ నేను దగ్గరుండి చూశాను.

తరువాత ఈ ధరల సంగతి ఏమిటని చదవడం మొదలుపెట్టాను. విమానాలు నడపడానికి ఎయిర్‌లైన్లు సిద్ధంగా ఉన్నా, రెండు దేశాల ప్రభుత్వాలు వారానికి ఇన్ని సీట్లని హద్దు పెట్టుకుంటాయనీ, ఆ హద్దు లోపలి వాటా కోసం మన ఎయిర్‌లైన్లే ఒకదానితో ఒకటి పోటీ పడతాయనీ అర్థమైంది. ఆ హక్కు నిజానికి ఎవరిది, దాన్ని పంచేవారు ఏ ప్రమాణాన్ని పాటిస్తారు, ఆ లెక్కలో మా వంటి ఊళ్ల ప్రయాణికులకు చోటు ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: నెల్లూరు సభ్యుడు

కనిగిరి సభ్యులకు నమస్కారం. నేను చెన్నైలో ఒక ఎయిర్‌లైన్ కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను. నాకు తెలిసినంత చెబుతాను.

ముందుగా ఆ హక్కు ఎవరిదనే విషయం. 1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, ప్రతి దేశానికీ తన నేల మీది ఆకాశంపై సంపూర్ణ అధికారం ఉంటుందని మొదటి అధికరణంలోనే చెప్పింది. కాలపట్టిక ప్రకారం నడిచే విదేశీ విమానం ఏదైనా ఆ దేశపు అనుమతితోనే రావాలని ఆరో అధికరణం చెప్పింది. అందుచేత రెండేసి దేశాలు కూర్చుని, వారానికి ఎన్ని సీట్లు, ఏయే ఊళ్లకు అన్నది రాసుకుంటాయి. దీన్నే మా కార్యాలయాల్లో బైలేటరల్ అనేవాళ్లం. భారత్, కువైట్ మధ్య ఈ హద్దు చాలా కాలం పాటు ఒక్కో పక్షానికి వారానికి 12,000 సీట్లుగా ఉండిపోయింది. దాదాపు పద్దెనిమిదేళ్ల తరువాత, 2025 జులైలో, దాన్ని 18,000కు పెంచారు. ఆ మధ్యకాలంలో కువైట్ వెళ్లే మనవాళ్ల సంఖ్య పెరిగింది, విమానాలు పెరిగాయి, కొత్త సంస్థలు వచ్చాయి, కానీ కాగితం మీది అంకె మాత్రం కదలలేదు. మీ బావగారి టికెట్ ధరకు ఇదొక్కటే కారణమని అనను గానీ, సరుకు కొరతగా ఉన్న సంతలో బేరానికి తావుండదు కదా.

ఇక మన వాటాను మనవాళ్లకు పంచడం. ఆ పని కేంద్ర పౌర విమానయాన శాఖది. 2004 చివరి వరకు ప్రైవేటు సంస్థలకు పెద్దగా అవకాశమే లేదు. అప్పుడు విదేశీ సర్వీసులకు తలుపు తెరిచినా, గల్ఫ్ మార్గాలను మాత్రం 2008 వరకు ప్రభుత్వ రంగ ఎయిర్‌లైన్లకే అట్టిపెట్టారు. విదేశాలకు ఎగరాలంటే ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉండాలన్న నిబంధన కూడా ఆ కాలంలోనే వచ్చింది. కేంద్రం 2016లో తెచ్చిన పౌర విమానయాన విధానంలో ఐదేళ్ల షరతు తీసేసి, 20 విమానాలు లేదా మొత్తం సామర్థ్యంలో 20 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత దేశంలో నడపాలన్న షరతును ఉంచారు. ఆకాశ ఎయిర్ 2023లో ఇరవయ్యో విమానం తెచ్చుకున్నాకే అర్హత పొంది, 2024 మార్చిలో దోహాకు తొలి విదేశీ సర్వీసు నడిపింది.

అర్హత రావడం ఒకటి, సీట్లు రావడం మరొకటి. గల్ఫ్‌లో రద్దీ మార్గాల హక్కులు చాలావరకు పాత సంస్థల చేతుల్లోనే ఉంటాయి. ఆలస్యంగా వచ్చినవాడు అవి ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు దాని హక్కులను మిగతావారికి తాత్కాలికంగా సర్దారు. 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు కూడా మిగిలిన సంస్థల చూపు ఆ సీట్ల మీదికే మళ్లింది. ఎయిర్‌లైన్ మూతపడినా హక్కు ప్రభుత్వం దగ్గరే మిగిలిందంటే అది ఎవరి సొత్తో తెలుస్తూనే ఉంది. అది దేశపు ఆస్తి. ఎయిర్‌లైన్‌ది అనుభవం మాత్రమే, మన దగ్గర ఇనాం భూమిని సాగు చేసుకున్నట్లుగా.

ఒక మాట స్పష్టం చేయాలి. చాలామంది స్లాట్‌నూ ఈ హక్కునూ ఒకటిగా అనుకుంటారు. స్లాట్ అంటే ఫలానా విమానాశ్రయంలో ఫలానా సమయానికి రన్‌వే వాడుకునే అవకాశం. దేశానికి వెళ్లే హక్కు ఉండి స్లాట్ దొరకకపోయినా, స్లాట్ ఉండి హక్కు లేకపోయినా విమానం కదలదు.

సమాధానం: కావలి సభ్యుడు

నేను కావలిలో టికెట్ల ఏజెన్సీ నడుపుతున్నాను. ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవారు తరచుగా మా దగ్గరికి వస్తారు. నెల్లూరు సభ్యులు చెప్పినదంతా సరైనదే. నేను కౌంటరు వైపు నుంచి చూసే సంగతి ఒకటి చేరుస్తాను.

మనవైపు సీట్లు సంస్థకు కేటాయించాక, వాటిని ఏ ఊరి నుంచి నడపాలో చాలావరకు ఆ సంస్థే తేల్చుకుంటుంది. కాబట్టి కువైట్‌కు ఆరు వేల సీట్లు పెరిగాయన్న వార్త చదివి మనం సంతోషించినా, అవి ముంబయికో కొచ్చికో వెళ్లిపోతే మన దగ్గర మారేది ఏమీ ఉండదు. విదేశీ సంస్థల సంగతి ఇంకా కట్టుదిట్టం. ఒప్పందంలో పేరు రాసి ఉన్న ఊళ్లలో తప్ప అవి దిగడానికి వీల్లేదు. ఆగ్నేయాసియా దేశాలకు పద్దెనిమిది ఊళ్లలో సీట్ల హద్దు లేకుండా తెరిచినప్పుడు విశాఖపట్నం ఆ జాబితాలో ఉంది, అందుకే సింగపూరు విమానం అక్కడికి రాగలిగింది. విజయవాడ ఆ జాబితాలో లేదు. దానికి అంతర్జాతీయ విమానాశ్రయ హోదా 2017లో వచ్చింది, షార్జాకు నేరు సర్వీసు 2022 అక్టోబరు చివరిలో మొదలైంది. హోదా రావడానికీ షార్జా విమానం రావడానికీ మధ్య ఎంత దూరం ఉందో దీన్నిబట్టే గ్రహించవచ్చు.

కనిగిరి నుంచి మద్రాసుకు రాత్రంతా బస్సులో కూర్చుని, అక్కడ ఎయిర్‌పోర్టు బయట తెల్లవారే దాకా అట్టపెట్టెల మీద తల ఆనించి నిద్రపోయే మనుషులను నేను ఎన్నోసార్లు సాగనంపాను. వాళ్లు ఎక్కడి నుంచి బయలుదేరారన్నది ఏ లెక్కలోనూ నమోదు కాదు. చెన్నైలో ఎక్కినవారు చెన్నై ప్రయాణికులే అవుతారు. దీనివల్ల విజయవాడ నుంచో రేణిగుంట నుంచో గిరాకీ లేదని సంస్థలు చెప్పడానికి దారి ఏర్పడుతోంది.

సమాధానం: ఒంగోలు సభ్యుడు

ఇక్కడ ప్రభుత్వ పక్షాన కూడా ఒక మాట చెప్పడం న్యాయమని నా అభిప్రాయం. హద్దులు ఎత్తేస్తే ధరలు దిగుతాయన్నది సగం నిజమే. దుబాయి విషయం చూడండి. అటువైపు వారానికి సుమారు 66,000 సీట్ల హద్దు ఉంది, దాన్ని పెంచమని దుబాయి పక్షం చాలాకాలంగా అడుగుతోంది. కానీ దుబాయికి చెందిన ఎమిరేట్స్ విమానం హైదరాబాదులో ఎక్కించుకునేవారంతా దుబాయిలో దిగిపోరు. చాలామంది అక్కడ విమానం మారి లండనుకో న్యూయార్కుకో వెళతారు. మన ప్రయాణికుడు మన దేశపు విమానంలో నేరుగా వెళ్లకుండా పొరుగు దేశపు విమానాశ్రయాన్ని పెంచుతున్నాడన్నమాట. గతంలో ఉదారంగా ఇచ్చిన హక్కులు ఎయిర్ ఇండియాను దెబ్బతీశాయని కాగ్ 2011 నివేదికలో తప్పుపట్టింది. 2013లో అబుదాబి సీట్లను మూడేళ్లలో 13,330 నుంచి 50,000కు పెంచడానికి ఒప్పుకున్నప్పుడు, సరిగ్గా అదే సమయంలో అబుదాబికే చెందిన ఎతిహాద్ సంస్థ జెట్ ఎయిర్‌వేస్‌లో 24 శాతం వాటా కొంటూ ఉండడం పెద్ద వివాదమైంది. ఇంత జరిగాక ప్రభుత్వం చేయి బిగించడంలో అర్థం ఉంది. మన సంస్థలు ఇప్పుడు వందల కొద్దీ విమానాలు కొంటున్నాయి, వాటికి దూరప్రయాణాలలో నిలదొక్కుకునే వ్యవధి కావాలి.

కనిగిరి సభ్యుడు

ఒంగోలు సభ్యుల వాదన నాకు అర్థమైంది, కానీ ఒక్క చోట అంగీకరించలేకపోతున్నాను. 2016 విధానం చదివాను. ఢిల్లీ నుంచి 5,000 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న దేశాలతో పరస్పర ప్రాతిపదికన హద్దులు లేని ఒప్పందాలు చేసుకుంటామని, ఆ వలయం లోపలి దేశాలకు, సార్క్ దేశాలు తప్ప, హద్దులు కొనసాగుతాయని అందులో ఉంది. అమెరికాతో 2005 నుంచే సీట్ల హద్దు లేదు. అంటే సాఫ్ట్‌వేరు ఉద్యోగానికి అమెరికా వెళ్లేవారి దారిలో లేని గేటు, ఇళ్లలో వంటకూ డ్రైవరు పనికీ కువైట్ వెళ్లేవారి దారిలో ఉంది. దుబాయిని పెద్ద కూడలిగా భయపడడం సమంజసమే కావచ్చు. కువైట్ విమానం ఎక్కేవారిలో ఎక్కువమంది కువైట్‌లోనే దిగి పనికి వెళ్లేవారు. దుబాయి మీది భయానికి కువైట్ వెళ్లే కూలీ చేత పద్దెనిమిదేళ్లు మూల్యం కట్టించడం న్యాయమేనా?

సమాధానం: నెల్లూరు సభ్యుడు

కనిగిరి వారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గల్ఫ్ అంతటినీ ఒకే గాటన కట్టడం మన విధానంలోని పెద్ద లోపం. అయితే నన్ను అంతకంటే కలవరపెట్టేది, హద్దు లోపలి సీట్లను పంచే తీరు.

అమెరికాలో హక్కులు పరిమితంగా ఉన్న మార్గాలకు అక్కడి రవాణా శాఖ దరఖాస్తులను బహిరంగంగా పిలుస్తుంది. 2016లో క్యూబా రాజధాని హవానాకు రోజుకు 20 సర్వీసులు మాత్రమే ఉండగా, పన్నెండు సంస్థలు కలిసి దాదాపు అరవై సర్వీసులు అడిగాయి. ఒక్కో సంస్థ తమ ఊరి ప్రజలకు ఆ సర్వీసు ఎందుకు అవసరమో రాసింది, పోటీ సంస్థ వాదనలో లోపాలు ఎత్తిచూపింది. చివరకు ఎనిమిది సంస్థలకు ఇచ్చి, కారణాలతో ఉత్తర్వు వెలువరించారు. క్యూబా మూలాలున్నవారు ఎక్కువగా ఉండే మయామీ సహా ఫ్లోరిడా వైపు పెద్ద వాటా దక్కింది. ప్రయాణికుడు ఎక్కడివాడన్నది అక్కడ లెక్కలోకి వచ్చింది.

ఇచ్చాక వదిలెయ్యడం కూడా ఉండదు. టోక్యోలోని హనెడా విమానాశ్రయానికి సియాటిల్ నుంచి నడిపే హక్కు డెల్టా సంస్థ దగ్గర ఉండేది. శీతకాలంలో దాన్ని నామమాత్రంగా నడుపుతూ హక్కును పట్టి ఉంచుకుందని అమెరికన్ ఎయిర్‌లైన్స్ అనే పోటీ సంస్థ ఫిర్యాదు చేసింది. రోజూ నడపాల్సిందేనని 2015లో రవాణా శాఖ కఠినమైన షరతు పెట్టగా, డెల్టా కొన్ని నెలలకే ఆ హక్కును వదులుకుంది. అది లాస్ ఏంజెలెస్ నుంచి నడపడానికి అమెరికన్ సంస్థకు దక్కింది. వాడకపోతే పోతుందన్న నియమం కాగితం మీద ఉండడం కంటే, ఇలా పోటీదారు అందరి ముందూ నిలదీయగలగడమే దానికి బలం.

మీ బావగారి సర్వీసు రద్దయిన వారం కూడా ఆ సీట్లు ఎవరో ఒకరి వాటాలో రాసి ఉన్నవే. నడపని సీట్ల లెక్క ప్రజలకు తెలిస్తే, మరో సంస్థ అవి మాకివ్వండి, విజయవాడ నుంచి నడుపుతాం అని అడిగే వీలుంటుంది. ఒంగోలు సభ్యుల ఆందోళనకు కూడా ఇది అడ్డురాదు, ఎందుకంటే నేను అడిగేది విదేశీ సంస్థల వాటా గురించి కాదు.

సమాధానం: ఒంగోలు సభ్యుడు

ఈ చివరి మాటకు నా అభ్యంతరం ఏమీ లేదు. మన వాటాను మనవాళ్లకు పంచేటప్పుడు కారణాలు చెప్పడంలో దేశానికి నష్టం కనిపించడం లేదు. కువైట్‌నూ దుబాయినీ వేరుగా చూడాలన్నది కూడా ఒప్పుకుంటున్నాను.

కనిగిరి సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. సమాచార హక్కు చట్టం కింద పౌర విమానయాన శాఖకు దరఖాస్తు పెట్టాలని నిర్ణయించుకున్నాను. 2025 జులైలో మన పక్షానికి పెరిగిన ఆరు వేల సీట్లను ఏయే సంస్థలకు ఏ ప్రమాణంతో ఇచ్చారు, అవి ఏయే విమానాశ్రయాల నుంచి నడుస్తున్నాయి అని అడుగుతాను. ఇంకేమైనా చేర్చాలా?

సమాధానం: నెల్లూరు సభ్యుడు

తప్పక చేర్చండి. కేటాయించిన సీట్లు ఎన్ని, వాటిలో నెలవారీగా నిజంగా నడిపినవి ఎన్ని అని విడివిడిగా అడగండి. రెండూ కలిపి అడిగితే మొదటిదానికే జవాబు ఇచ్చి ఊరుకుంటారు. విజయవాడ, తిరుపతి పేర్లు రాసి, ఆ ఊళ్ల నుంచి కువైట్‌కు నడుపుతామని ఎవరైనా దరఖాస్తు చేశారా అని కూడా రాయండి. రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు ముప్పై రోజులు.

సమాధానం: కావలి సభ్యుడు

మా కౌంటరులో టికెట్ తీసుకునేవారు ఏ మండలం నుంచి వస్తున్నారో ఈ నెల నుంచి ఒక పుస్తకంలో, పేర్లు లేకుండా, రాసి పెడతాను. ఆత్మకూరులోనూ పొదిలిలోనూ ఉన్న తోటి ఏజెంట్లను కూడా అడుగుతాను. గిరాకీ లేదని ఎవరైనా అంటే చూపించడానికి మన చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది.