పాత ఊఫర్ల అంచు రాలిపోయింది: ఫోమ్ వేయాలా, రబ్బరు వేయాలా?

గాజువాక శ్రోత:
నాన్నగారి పాత స్పీకర్ల జాలీ తీస్తే, 8 అంగుళాల ఊఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకరు) చుట్టూ ఉన్న ఫోమ్ అంచు వేలు తగలగానే పొడిపొడిగా రాలింది. కోన్ కాగితం చక్కగానే ఉంది. కోన్‌ను కదిలించే తీగచుట్ట, అదే కాయిల్‌కు, మీటరు పెడితే 6.4 ఓములు. డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో చూపిస్తే కొత్తవి కొనుక్కోమన్నారు. అంచు ఒక్కటే మార్చుకోవచ్చా?

పాతరేడియో:
నిక్షేపంగా మార్చుకోవచ్చండి. 8 ఓముల స్పీకరు మీటరు మీద 6, 7 మధ్య చూపిస్తే కాయిల్ క్షేమమే. ఆ అంచు పాలీయురెథేన్ ఫోమ్. స్పీకరు మోగినా మోగకపోయినా తేమకు అది కుళ్లుతుంది. ముందు కోన్‌ను అన్ని వైపులా సమానంగా, మెల్లగా నొక్కి వినండి. గరగరలాడితే కాయిల్ అయస్కాంతపు సందులో రాసుకుంటున్నట్టు. అది వేరే జబ్బు.

భీమిలి గాలి:
నా ఓటు రబ్బరుకే. సముద్రపు తేమలో ఫోమ్ వేయడమంటే మళ్లీ అదే పని పెట్టుకోవడం.

పాతరేడియో:
పెట్టె ఏ రకమో చూడకుండా అలా తేల్చేస్తే ఎలాగండీ? గాలి పోయే రంధ్రం లేని మూతపెట్టె అయితే రబ్బరు జోలికి వెళ్లవద్దు. 1954లో ఎడ్గార్ విల్చర్ ఏఆర్-1 అనే స్పీకరుతో తెచ్చిన పద్ధతి అది: లోపల బంధించిన గాలే స్ప్రింగులా పనిచేస్తుంది, అంచు మాత్రం వీలైనంత వదులుగా ఉండాలి. మందపాటి రబ్బరు వేస్తే బిగువు పెరిగి, మృదంగం ఎడమవైపు గుంకారం పలచబడుతుంది.

భీమిలి గాలి:
నాది రంధ్రం ఉన్న పెట్టె. పలచటి రబ్బరే వేశాను, తేడా నా చెవికి అందలేదు. మీ చెవి వేరేమో!

జగదాంబ జంక్షన్:
ఏది వేసినా కొలత ముఖ్యం. 8 అంగుళాలని చెప్పి తెప్పిస్తే సరిపోదు. కోన్ వ్యాసం, ఫ్రేము మీద జిగురు పడే చోటు వ్యాసం, రెండూ కొలిచి పంపండి. పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నానబెట్టి గీకండి. కొత్తది అంటించడానికి తెల్ల జిగురు చాలు. చెప్పులు అంటించే రబ్బరు జిగురు వద్దు, తగలగానే పట్టేస్తుంది, సర్దుకునే వ్యవధి ఇవ్వదు. ముందు అంచును కోన్‌కు అంటించి ఆరనివ్వండి. ఫ్రేముకు అంటించేటప్పుడు యాంప్లిఫయర్ నుంచి చాలా తక్కువ శబ్దంతో 30 హెర్ట్జ్ స్వరం పంపుతూ, గరగర లేని చోట అంచును నొక్కి ఉంచండి. కొందరు మధ్యలోని డస్ట్ క్యాప్ కోసి, కాయిల్ లోపలివైపు కాగితపు ముక్కలు దోపి కుదురుస్తారు. అది మరింత కచ్చితం, కానీ క్యాప్ మళ్లీ అంటించాలి.

గాజువాక శ్రోత:
నాది మూతపెట్టె, కాబట్టి ఫోమే. 30 హెర్ట్జ్ దారి పడతాను, క్యాప్ కోయను. పై స్వరాలు పలికే చిన్న స్పీకరు, ట్వీటర్ కూడా మందంగా మోగుతోంది, అదీ తేమ పనేనా?

పాతరేడియో:
క్రాసోవర్‌లోని (ఊఫర్‌కూ ట్వీటర్‌కూ స్వరాలను విడదీసి పంపే సర్క్యూట్) ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోయి ఉంటుంది. అదే విలువగల నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ వేయండి. ఊఫర్ ఎలాగూ ఊడదీస్తారు కదా, ఆ రంధ్రంలోంచి చేయి పెడితే చాలా పెట్టెల్లో అందుతుంది. పచ్చగా చిలుం పట్టిన టెర్మినళ్లను కూడా అప్పుడే గీకేయండి.