కోటిలింగాల శాతవాహనుల తొలి రాజధానా, కాదా?

పెద్దవాగు ఒడ్డు: పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉంటుంది మా కోటిలింగాల, జగిత్యాల జిల్లా. శాతవాహన మూలపురుషుడు సిముకుడి నాణేలు దొరికిన ఊరు. అయినా శాతవాహనుల రాజధానులంటే ఎక్కడ చూసినా పైఠాన్ (మహారాష్ట్ర), ధాన్యకటకం (అమరావతి దగ్గర) పేర్లే. తొలి రాజధాని మాదేనని ఎందుకు ఒప్పుకోరు?

హనుమకొండ చదువరి: నాణెం దొరికిన ప్రతి ఊరూ రాజధాని కాదన్నా. నాణెం మూటలో పడి ఎంత దూరమైనా పోతుంది. సిముకుడి పేరు చెక్కిన నానాఘాట్ మహారాష్ట్రలో ఉంది. అతని తమ్ముడు కన్హుడి శాసనం నాసిక్‌లో ఉంది. తొలి శాసనాలన్నీ పడమటే.

పెద్దవాగు ఒడ్డు: నానాఘాట్ కనుమదారి తమ్మీ, అక్కడ రాజధాని ఎవరు కడతారు? ఆ శాసనం కూడా తర్వాతి శాతవాహన రాణి నాగానికది, సిముకుడిది కాదు. మా దగ్గర అంతకుముందు రాజులు గోబద, నారన, కంవాయ, సమగోపల నాణేలూ దొరికాయి. ముందువాళ్లవీ తర్వాతివాళ్లవీ ఒక్క ఊళ్లోనే దొరికితే, అన్నీ మూటలో వచ్చినట్టేనా?

ఓరుగల్లు కోట: ధర్మపురికి ఏటా పోతాం. దగ్గర్లోనే ఇంత ఉందని ఇప్పుడే తెలిసింది.

హనుమకొండ చదువరి: అది పాత పట్టణమంటే నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. రాజధాని అన్న మాటకే ఆధారం చాలదు. ఊరిమీద ప్రేమతో చరిత్ర రాయలేం.

పెద్దవాగు ఒడ్డు: ప్రేమనా? ఎల్లంపల్లి ప్రాజెక్టు కింద మా ఇల్లు పోయింది. చిన్నప్పుడు వాన వెలిశాక దిబ్బ మీద పూసలు ఏరి, కొంగున తుడిచి అవ్వకిచ్చేవాణ్ని. ముందు పూర్తిగా తవ్వి, తర్వాత నీళ్లు నింపండని దరఖాస్తు పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, "మట్టిదిబ్బే కదా" అన్నారు. రాజధాని అని పుస్తకంలో ఉంటే ఆ మాట అనేవాళ్లా?

కరీంనగర్ పిల్ల: మా అమ్మమ్మ వాళ్లదీ ముంపు ఊరే. చదువుతుంటే ఏడుపొచ్చింది.

హనుమకొండ చదువరి: ఈ సంగతి మొదటే చెప్పాల్సిందన్నా. రాజధాని కాకపోతే మునిగినా ఫర్వాలేదని నేనెక్కడన్నాను? పెద్దబంకూరులో వేలకొద్దీ నాణేలు దొరికాయి, ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. రెండూ పెద్దపల్లి వైపువే, వాటిని రాజధాని అని ఎవరూ అనరు. రాజధానైతేనే కాపాడతాం అంటే వాటి గతేంటి?

పెద్దవాగు ఒడ్డు: వాటి మీదికి నీళ్లు రాలేదు తమ్మీ. మా మీదికొచ్చాయి. దరఖాస్తులో "పాత పట్టణం" అనే రాశాను, ఎవరూ తలెత్తి చూడలేదు.

హనుమకొండ చదువరి: మళ్లీ రాయండి, నేనూ సంతకం పెడతా. అందులో రాజధాని అన్న మాట మాత్రం వద్దు.

పెద్దవాగు ఒడ్డు: ఆ మాట లేకుండా నేను రాయను.