వరద వేళ వెంటనే నిలిపే గట్టి గోడల గది: ఏది కొనాలి, ఎక్కడ నిలపాలి?

ప్రశ్న (కర్నూలు నుండి):
2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి ఒక్కసారిగా పొంగి కర్నూలును ముంచెత్తినప్పుడు మా ఇంటిల్లిపాదీ మేడమీద రెండు రాత్రులు గడిపాము. నీరు తీసిన తరువాత మాకు అన్నం పొట్లాలు త్వరగానే అందాయి గాని, గాయాలకు కట్టు కట్టడానికీ బాలింతను పడుకోబెట్టడానికీ తలుపు వేసుకోగలిగిన పొడి గది ఒక్కటీ దొరకలేదు. అందుకే ఏటి ఒడ్డున ఉన్న మా ఊరివాళ్లము చందాలు పోగుచేసి అటువంటి గదిని సిద్ధంగా ఉంచుకోవాలని అనుకుంటున్నాము. మడత విప్పి అరగంటలో నిలపగల పెట్టె గదిని ఒక అమ్మకందారు చూపి, సైన్యం వాడేదీ ఇదేనని అంటున్నారు. అది నిజమేనా? మే నెల ఎండకూ మా నల్లరేగడి నేలకూ అది ఆగుతుందా?

జవాబు (అనంతపురం నుండి, సైన్యపు ఇంజనీరింగు దళంలో పనిచేసి విరమించినవాణ్ణి):
అయ్యా, ఆ మాట సగమే నిజం. సైన్యాలు వాడే గట్టి గదులలో చాలావాటిని ఓడలమీద వచ్చే సరుకు కంటైనరు కొలతలకే, అంటే ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పుకు చేస్తారు. అందువల్ల అదే పెట్టె లారీమీదా రైలుమీదా ఓడమీదా మార్పు లేకుండా ప్రయాణిస్తుంది. చేరవలసిన చోట రెండు పక్కల గోడలను బయటికి విప్పితే నేల వైశాల్యం దాదాపు మూడు రెట్లవుతుంది. ఆపరేషన్ థియేటరు, ప్రయోగశాల, రేడియో పరికరాలు వంటివాటిని నడిమి గదిలో ముందుగానే బిగించి పంపుతారు. దుమ్ము చొరబడకూడదు, చల్లదనం నిలవాలి, తాళం పడాలి అన్నచోటే గుడారాన్ని వదిలి గట్టి గోడలను ఎంచుకుంటారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1916లో బ్రిటిషు సైన్యంలోని నిస్సెన్ అనే ఇంజనీరు వంపు రేకులతో రూపొందించిన గుడిసెను ఆరుగురు మనుషులు నాలుగు గంటలలో నిలపగలిగేవారు. దానికి క్రేను అవసరం లేదన్నది మీరు గమనించవలసిన సంగతి.

ఖాళీ ఇరవై అడుగుల ఇనుప కంటైనరే రెండు టన్నులకు పైగా తూగుతుంది. అరగంట అన్న లెక్క పెట్టె నేలమీద దిగిన తరువాత మొదలవుతుంది. దానిని దించడానికి హైడ్రా (చక్రాల క్రేను) కావాలి, హైడ్రా రావడానికి దారి కావాలి, వరదలో మొదట తెగేది ఆ దారే. కాబట్టి మీ ఊరికి విడి పలకలుగా వచ్చి, చేతితో మోసి బోల్టులతో బిగించే గదే తగినదని నా దృఢమైన అభిప్రాయం. ఐకియా ఫౌండేషన్ తోడ్పాటుతో రూపొంది, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ వాడుతున్న 17.5 చదరపు మీటర్ల గది రెండు అట్టపెట్టెలలో వస్తుంది, బరువు సుమారు 160 కిలోలు, నలుగురు కలిస్తే ఒక పూటలో నిలుస్తుంది.

ఇంకొక మాట. సహాయ శిబిరాలలో మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్లు ఉండాలన్నది అంతర్జాతీయంగా పాటించే కొలత. ఆ లెక్కన 17.5 చదరపు మీటర్ల గది ఐదుగురికే సరిపోతుంది. కాబట్టి జనాన్ని బడి భవనంలో ఉంచి, ఈ గదిని వైద్యానికే కేటాయించండి.

జవాబు (కడప నుండి, షెడ్లు, క్యాబిన్లు కట్టేవాణ్ణి):
ఎండ సంగతి నేను చెబుతాను. ఒంటి రేకు గోడల గదిలో మన మే నెల మధ్యాహ్నం రోగిని పడుకోబెట్టలేము. రెండు రేకుల మధ్య నురుగు నింపిన 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ తీసుకొని, కప్పుకు అడుగు ఎత్తున గాలి ఆడేలా నీడ వల కట్టండి. అయితే ఆ నురుగు అంటుకుంటే విషపు పొగ వస్తుంది కనుక లోపల పొయ్యి గాని స్టవ్ గాని వెలిగించరాదు, కరెంటు తీగలను గొట్టాలలోనే నడపాలి.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దానిమీద నేరుగా నిలిపితే మూలలు కుంగి తలుపు పట్టేస్తుంది. మెరక చోటు చూసి, పైమట్టి తీసి, గరుసు పోసి దిమ్మిస కొట్టించి, కాళ్ల కింద మన కడప బండలు పరచి రసమట్టంతో సరిచూసుకోండి. ఈ పని ఇప్పుడే, వేసవిలోనే చేసిపెట్టుకోవాలి.

గాలిని తక్కువగా అంచనా వేయవద్దు. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 47 కిలోల ఒత్తిడి తెస్తుంది. 14 చదరపు మీటర్ల పక్కగోడమీద అది 650 కిలోలు దాటుతుంది. తడిసిన రేగడిలో దిగ్గొట్టిన మేకులు ఊడి వస్తాయి. నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మెలు పాతి, వాటికి టర్న్‌బకిల్‌తో (తిప్పితే తీగను బిగించే మరతో) తీగలు బిగించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పెట్టె గది ఆలోచన మానుకున్నాము. బడి వెనుక మెరక మీద గరుసు దిబ్బ ఈ నెలలోనే వేయిస్తాము. పలకలను ఎక్కడ దాచమంటారు?

జవాబు (కడప నుండి):
బడి మేడమీది గదిలో, నేలకు తగలకుండా చెక్కలపై నిలువుగా ఉంచండి. ఏటా జూన్‌కు ముందు ఒకసారి మీ కుర్రవాళ్ల చేతనే పూర్తిగా నిలిపించి, ఎండకు గట్టిపడిన రబ్బరు అంచులు ఉంటే మార్పించండి. బోల్టులు, స్పానర్లు ఒకే డబ్బాలో వేసి, ఆ డబ్బాను తలుపు పలకకే కట్టి ఉంచండి.