షెరిఫ్ ఆఫీసులో పెద్దలు ఎక్కణ్ణుంచి వస్తారు? ఫోర్ట్‌బెండ్‌కి కొత్త

ప్రశ్న (రిచ్‌మండ్, టెక్సస్):
అందరికీ నమస్కారం. పోయిన నెలే హైదరాబాద్ నుంచి హ్యూస్టన్ పక్కనున్న ఈ ఫోర్ట్‌బెండ్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా లాంటిదట) వచ్చాం. అడ్రసులో రిచ్‌మండ్ అని ఉంది కానీ మా ఇల్లు సిటీ లిమిట్స్‌లోకి రాదట, ఇక్కడ పోలీసంటే షెరిఫ్ ఆఫీసే అంటున్నారు. వచ్చే వారం మా క్లబ్‌హౌస్ మీటింగుకి ఎవరో చీఫ్ డిప్యూటీ వస్తున్నారు, ఆయన్ని పరిచయం చేసే పని నాకు అంటగట్టారు. ఆయన మన ఐపీఎస్ లాంటి ఆఫీసరా? వీళ్ళు ఏం చదివి వస్తారు? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు (షుగర్‌ల్యాండ్):
తమ్ముడూ, ముందు మన దగ్గర నేర్చుకున్న హోదాల పేర్లన్నీ పక్కన పెట్టు. ఇక్కడ అవే పేర్లు వేరే మనుషులకు తగిలించారు. మనకు డిప్యూటీ కలెక్టరంటే జీపు దిగుతుంటే నలుగురు లేచి నిలబడే ఆఫీసరు. ఇక్కడ ఉత్త డిప్యూటీ అంటే రాత్రిళ్ళు మన వీధిలో కారు తిప్పే మనిషి. చీఫ్ డిప్యూటీ అయితే మాత్రం కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరిఫ్ తర్వాత ఆయనే. టెక్సస్‌లో కానిస్టేబుల్ ఓట్లతో గెలిచే పదవి. కౌంటీ కమిషనర్ పోలీసాయన కాదు, రోడ్లూ బడ్జెట్టూ చూసే నాయకుడు. కౌంటీ జడ్జి ఆ కమిషనర్ల సభకు పెద్ద. నేను వచ్చిన కొత్తలో కానిస్టేబుల్‌కి ఓటేయమని రోడ్డు పక్కన బోర్డులు చూసి, ఇదేం విడ్డూరంరా బాబూ అనుకున్నాను.

ఐపీఎస్ లాంటి దారి ఇక్కడ లేదు. యూపీఎస్సీ రాసి, శివరాంపల్లి అకాడమీలో ట్రైనింగయ్యి, పాతికేళ్ళు దాటగానే ఏఎస్పీ కుర్చీలో కూర్చోవడం కుదరదు. టెక్సస్‌లో 254 కౌంటీలు, ఒక్కోదానికి ఒక షెరిఫ్, నాలుగేళ్ళకోసారి ఎన్నిక. చీఫ్ డిప్యూటీని ఆ షెరిఫే ఎంచుకుంటాడు. అందుకే షెరిఫ్ మారితే పై వరస కూడా మారిపోవచ్చు.

ఇంకో సంగతి. కౌంటీ జైలు నడిపే బాధ్యత షెరిఫ్‌దే. అందుకని పెద్దల్లో చాలామంది ఉద్యోగం మొదలయ్యేది జైల్లోనే. జైలరు లైసెన్సు వేరు, పోలీసు లైసెన్సు వేరు. మొదటిదాంతో చేరి, లోపల ఖైదీల లెక్కలు చూసుకుంటూ అకాడమీ పూర్తిచేసి, పెట్రోలింగు కారెక్కి, ఆపైన డిటెక్టివ్, సార్జెంట్, లెఫ్టినెంట్, కెప్టెన్ అంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతారు. ఒకసారి మా సంక్రాంతి సంబరాలకు ఇలాంటి పెద్దాయనే వచ్చి, కెరీర్ మొదట్లో అయిదేళ్ళు జైల్లో ఉన్నానని మైకులో చెప్పాడు. మన యాంకరు దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి, "సార్ అయిదేళ్ళు జైలుశిక్ష అనుభవించి ఈ స్థాయికి వచ్చారు" అనేశాడు. ముందు వరసలో ఓ పెద్దావిడ పక్కావిడ చెవిలో, "పాపం, ఏ కేసో" అంది. నువ్వు మాత్రం "జైలు విభాగంలో పనిచేశారు" అని రాసుకో.

అందరూ ఇలా లోపలి నుంచే పైకి రావాలనేం లేదు. ఫోర్ట్‌బెండ్‌లో ఎరిక్ ఫేగన్ 2020 ఎన్నికలో గెలిచి 2021 జనవరిలో షెరిఫ్ అయ్యాడు. అంతకు ముందు ఆయన ఉద్యోగం హ్యూస్టన్ సిటీ పోలీసులో. ఆయనకన్నా ముందున్న ట్రాయ్ నెల్స్ మొదట ఇదే కౌంటీలో కానిస్టేబుల్‌గా గెలిచాడు, తర్వాత షెరిఫ్, ఆ తర్వాత నేరుగా వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుడు. పక్కనే హ్యారిస్ కౌంటీలో ఎడ్ గొంజాలెజ్ పద్దెనిమిదేళ్ళు హ్యూస్టన్ పోలీసులో చేసి, హత్య కేసులు చూసి, తర్వాత సిటీ కౌన్సిల్‌కి ఎన్నికై, 2017లో షెరిఫ్ అయ్యాడు. అంతకు కొన్నేళ్ళ ముందు అక్కడే షెరిఫ్‌గా చేసిన ఏడ్రియన్ గార్సియాదీ అదే బాట. వీళ్ళ బయోడేటాలో యూనిఫాం ఎంతుందో రాజకీయం అంతుంటుంది. అది తప్పని కాదు, పదవే అలాంటిది.

ఫేగన్ నల్లజాతివాడు కాబట్టి, ఆయన గెలిచినప్పుడు అందరూ గుర్తు చేసుకున్న పేరు వాల్టర్ మోజెస్ బర్టన్. బానిసగా పుట్టి, 1869లో ఇదే ఫోర్ట్‌బెండ్‌కి షెరిఫ్‌గా ఎన్నికైన నల్లజాతి మనిషి. పరిచయంలో ఈ ముక్క వాడుకో, పాతకాపులే నోరు తెరుస్తారు.

జవాబు (కేటీ):
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆయన బయోడేటాలో ఎఫ్‌బీఐ నేషనల్ అకాడమీ అని కనిపిస్తే, ఆయన ఎఫ్‌బీఐలో చేశాడని పరిచయం చెయ్యకు. వర్జీనియాలోని క్వాంటికోలో వేరే పోలీసు శాఖల ఆఫీసర్లకు పెట్టే పది వారాల కోర్సు అది. చివర్లో ఆరు మైళ్ళకు పైగా అడవిలో పరుగు ఉంటుంది, పూర్తిచేస్తే ఒక పసుపు ఇటుక ఇస్తారు. నేను ఒక కెప్టెన్ ఆఫీసుకు వెళ్ళినప్పుడు ఫైళ్ళ మధ్య అది చూసి, పూజ ఇటుకేమో అనుకున్నాను. అడిగితే అరగంట చెప్పాడు. మీ అతిథి దగ్గర కూడా అది ఉంటే ఇంక మాటలకు కరువుండదు.

ఇంకో పేరు కూడా తెలిసుండాలి. సందీప్ ధాలివాల్. హ్యారిస్ షెరిఫ్ ఆఫీసులో 2009లో జైలు విభాగంలోనే చేరి, డిప్యూటీ అయ్యి, 2015లో తలపాగా, గడ్డంతో డ్యూటీ చేసేందుకు అనుమతి పొందిన సిక్కు. 2019 సెప్టెంబరులో ఒక కారు ఆపినప్పుడు వెనక నుంచి కాల్చి చంపారు. ఆయన పేరు ఇక్కడి పోస్టాఫీసుకు పెట్టారు. మనవాళ్ళ గురించి మాటొస్తే షెరిఫ్ ఆఫీసువాళ్ళు మొదట తలుచుకునేది ఆయన్నే.

ప్రశ్న అడిగినతను:
థాంక్స్ అక్కా, అన్నా. ఆయన్ని ఏమని పిలవాలి? సార్ అంటే చాలా?

జవాబు (షుగర్‌ల్యాండ్):
సార్ అన్నా తప్పులేదు, చీఫ్ అంటే ఇంకా బాగుంటుంది. ముందే వాళ్ళ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి పరిచయానికి నాలుగు లైన్లు అడుగు, పంపుతారు. ఇంటిపేరు ఎలా పలకాలో కూడా అందులోనే అడిగెయ్యి. మీటింగులో ఎవరో ఒకరు స్పీడింగ్ టికెట్ కొట్టేయించమని అడుగుతారు, ప్రతిసారీ ఉంటారు. మైకు వాళ్ళ చేతికి వెళ్ళనివ్వకు.