అగ్గిపెట్టెలో బంగారు పురుగు రంగు పోయింది. మ్యూజియం పురుగుల సంగతేంటి?

ఎండాడ ఉమ:
మొన్న ఆదివారం రుషికొండ బీచ్‌లో మా పాపకి ఓ పురుగు దొరికింది. ఇసుక మీద పాకే ఊదాపూల తీగ ఉంటుంది కదా, మేక గిట్టలాంటి ఆకు, దాని మీద. తాబేలు డిప్పలా గుండ్రంగా ఉంది. అంచులు అద్దం, మధ్యలో అచ్చం మేలిమి బంగారం. అగ్గిపెట్టెలో తెచ్చాం. మూడో రోజుకి చచ్చిపోయి ఎండుటాకు రంగుకి దిగింది. పాప ఒకటే ఏడుపు. నా సందేహం వేరే. మ్యూజియాల్లో 150 ఏళ్ల నాటి 'టైపు' నమూనాలు, అంటే ఒక జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్న పురుగులు, దాస్తారంటారే, వాటి బంగారమూ పోయే ఉంటుంది కదా. ఇక వాటిని చూసి ఏం పోలుస్తారు?

ల్యాబ్ బాబాయ్:
పోతుందమ్మా. అది పూసిన రంగు కాదు. డిప్పలో సన్నటి పొరలు దొంతరగా ఉంటాయి, వాటిలో తడి ఉన్నన్నాళ్లే మెరుపు.

నేను ఒక కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండరుగా చేశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి కిటికీ అద్దాలు పోయి, పురుగుల పెట్టెలు రెండు నానిపోయాయి. మర్నాడు మూత తీస్తే, ఏళ్ల తరబడి గోధుమ రంగులో పడున్న తాబేలు పురుగు ఒకటి మళ్లీ బంగారంలా మెరుస్తోంది! మధ్యాహ్నానికి ఆరిపోయింది, మెరుపూ పోయింది. అయితే పోయిందని బాధపడింది దానికి కాదు. సూది కింద చీటీల సిరా అంతా కారిపోయింది. ఎక్కడ, ఎప్పుడు పట్టారో తెలీని పురుగులని ఎవరూ ఉంచుకోలేదు, పారేశారు.

పాత పుస్తకాల పిచ్చోడు:
టైపు అంటే అన్నిట్లో అందమైనది అని కాదండి. పేరుని కట్టిన గుంజ. రెండు జాతులు కలిసిపోయాయని అనుమానమొస్తే, ఆ పేరు దేనికి చెల్లుతుందో ఆ పురుగే తేలుస్తుంది. డిప్ప మీది గుంటల వరసలు, అంచు వంపు, మీసాల కణుపులు, గోళ్ల పళ్లు చూస్తారు. అవి ఎండినా మారవు.

స్వీడన్ వాడు బోహెమన్ 1850 నుంచి 1862 దాకా నాలుగు సంపుటాలు ఈ పురుగుల మీదే రాశాడు. ఆయన చూసిన నమూనాలు కొన్ని స్టాక్‌హోంలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. ఒక్క పురుగునే టైపుగా గుర్తుపెట్టే అలవాటు అప్పుడు లేదు. తర్వాతి వాళ్లు వాటిలోంచి ఒకదాన్ని ఎంచి లెక్టోటైపు అంటారు. లండన్‌లో దానికి ఊదా అంచు గుండ్రటి చీటీ, అసలు టైపుకైతే ఎర్ర అంచు. వియన్నా వాడు ష్పేట్ పోగుచేసినవేమో మాంచెస్టర్ మ్యూజియానికి చేరాయి.

మన దేశపువాటికి మౌలిక్ 1919 పుస్తకం చూడండి, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైటులో ఉచితం.

ఎండాడ ఉమ:
పురుగు ఇంకా అగ్గిపెట్టెలోనే ఉంది బాబాయ్. చీటీలో ఏం రాయమంటారు?

ల్యాబ్ బాబాయ్:
ఊరు, తేదీ, ఏ తీగ మీద దొరికిందో, పట్టిందెవరో. పెన్సిల్‌తోనే రాయి, తడిసినా కారదు. పట్టినవారి దగ్గర పాప పేరు రాయి, నీది కాదు.