కాంటా సాఫ్ట్‌వేర్‌ల ఏది చూసినా "బటన్" అనే అంటున్నది

(మిర్యాలగూడ)
అన్నలూ, రైస్ మిల్లుల లెక్కలు రాస్త. చూపు లేదు, తెర మీదిది చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తోనే పని. ఎక్సెల్ మంచిగనే చదువుతది. కొత్త కాంటా సాఫ్ట్‌వేర్‌ల మాత్రం ట్యాబ్ కొడితే "బటన్, బటన్, బటన్". మొన్న సేవ్ అనుకొని ఎంటర్ కొట్టిన, చీటీ క్యాన్సిలైంది. పాపం ఆ రైతు వడ్ల ట్రాక్టర్ మళ్లా కాంటా ఎక్కించిండు. స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) రాస్తే అయితదంటున్నరు, నిజమేనా? లేకుంటే ఎన్‌వీడీఏ అసొంటిదే, పైసలు పెట్టి కొనే జాస్ కొనాల్నా?

(దేవరకొండ)
కొనకు తమ్మీ. జాస్‌ది సొంత స్క్రిప్ట్ భాష, ఎన్‌వీడీఏకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చాలు. ఎన్‌వీడీఏ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌ల స్క్రాచ్‌ప్యాడ్ (మన సొంత కోడ్ పెట్టే ఫోల్డర్) ఆన్ చెయ్యి. దాంట్ల యాప్‌మాడ్యూల్స్ ఫోల్డర్‌ల ప్రోగ్రాం పేరుతోనే పైథాన్ ఫైల్ పెట్టాలె: కాంటా డాట్ ఈఎక్స్‌ఈ అయితే కాంటా డాట్ పీవై. బటన్ మీద ఉండి ఎన్‌వీడీఏ కీ, ఎఫ్1 కొడితే దాని వివరాలన్నీ లాగ్‌ల వస్తయి. కంట్రోల్ ఐడీ (ఆ బటన్‌కు ప్రోగ్రాంల ఉండే నంబరు) చూసి, ఆ ఐడీ వస్తే పేరు "సేవ్" అని చెప్పమని రాయి. పది లైన్లు కూడా కాదు. ఎన్‌వీడీఏ, కంట్రోల్, ఎఫ్3 కొడితే మళ్లా లోడ్ అయితది.

(వనపర్తి)
ఆగు, కొన్ని ప్రోగ్రాములల్ల ఆ ఐడీ తెరిచినప్పుడల్లా మారుతది. రెండుసార్లు మూసి తెరిచి చూడు. అసలు బటన్లకు పేర్లు పెట్టాల్సింది సాఫ్ట్‌వేర్ చేసినోళ్లు, మనం కాదు. వాళ్లకూ ఫోన్ కొట్టు.

(మిర్యాలగూడ)
ఐడీ మారలే! "సేవ్" అన్నది. క్యాన్సిల్‌కు "జాగ్రత్త, క్యాన్సిల్" అని పెట్టిన.