కామిక్ బుడగల్లో వత్తులు విడిపోతున్నాయి, రేపు ప్రెస్సుకి ఇవ్వాలి

చుక్కలగీత: పొద్దుటి నుంచి ఇదే పని, తల బద్దలైపోతోంది. గ్యాంగ్‌స్టర్లు, డ్రాకులాలు, ఏలియన్లు కలిసిన 24 పేజీల కామిక్. బొమ్మలన్నీ అయిపోయాయి. బుడగలో 'రక్తం' అని పేస్ట్ చేస్తే 'రక్‌తం' అని పడుతోంది. ఏలియన్ల బుడగల్లో అయితే అక్షరాలే లేవు, అన్నీ డబ్బాలు. ఫాంట్లు తీసేసి మళ్ళీ వేసినా అంతే. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కత్తెర: ఏ సాఫ్ట్‌వేర్? ఏ ఫాంట్?

పాతకథలు: ముందు ఆ 'డ్రాకులాలు' తీసెయ్యండి. డ్రాకులా ఒక పాత్ర పేరు, జాతి పేరు కాదు. మనకు 'రక్తపిశాచి' ఉండగా అదెందుకు? బేతాళుడు అని మాత్రం రాయకండి. బేతాళుడు శవంలో దూరతాడు, మెడ కొరకడు.

చుక్కలగీత: ఇలస్ట్రేటర్ అండి. గ్యాంగ్‌స్టర్లకు మండలి ఫాంట్, ఏలియన్లకు అను ఫాంట్ ఒకటి.

కత్తెర: రెండూ వేర్వేరు సమస్యలు. ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కి వెళ్ళి 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్ పెట్టండి. పాత బుడగలు వాటంతట అవి మారవు. టెక్స్ట్ అంతా సెలెక్ట్ చేసి, పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' కంపోజర్ ఎంచుకోండి. డబ్బాలకు కారణం అను. అది యూనికోడ్ (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే అక్షరాల కోడ్) కాదు, మీరు పేస్ట్ చేసేది యూనికోడ్. ధూర్జటి వేయండి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

సిరాబుడ్డి: వత్తులు సరైపోయాక ఇంకో తంటా వస్తుంది. ఆటో లీడింగ్, అంటే వరుసకీ వరుసకీ దూరం, అక్షరం సైజులో 120 శాతమే. పైవరుసలో 'రక్తం', కిందవరుసలో 'మీద' ఉంటే క్త కింది తవత్తు వచ్చి 'మీ' పైనున్న గుడిదీర్ఘానికి తగులుతుంది. 10 పాయింట్ల అక్షరానికి 15 లీడింగ్ ఇవ్వండి. బుడగలు కాస్త ఎత్తు పెంచక తప్పదు.

అన్నిటికన్నా నలుపు చూసుకోండి. గ్యాంగ్‌స్టర్ కోటు, పిశాచి అంగీ, ఆకాశం, మూడూ నలుపే కదా. ఉత్త కె 100 (నల్ల సిరా ఒక్కటే) అచ్చులో బూడిదగా తేలుతుంది. ఆకాశానికి నీలం, గులాబీ, పసుపు సిరాలు కూడా కలిపి సి 60, ఎం 40, వై 40, కె 100 ఇవ్వండి. మాటలకు మాత్రం కె 100 ఒక్కటే. పిశాచికి నల్ల బుడగలో తెల్లక్షరాలు పెడుతుంటే ఆ బుడగ కూడా ఉత్త కె 100 లోనే ఉండాలి. నాలుగు సిరాలూ కలిపితే, వాటి నాలుగు ప్లేట్లలో ఏది వెంట్రుకవాసి జరిగినా సన్నగీతల్లోకి రంగు దిగి అక్షరం మూసుకుపోతుంది. అక్కడ రామభద్ర లాంటి లావు ఫాంట్ మేలు.

పాతకథలు: 'ఏలియన్' కూడా మార్చి 'గ్రహాంతరవాసి' అనండి.

సిరాబుడ్డి: చిన్న బుడగలో ఆ ఒక్క మాటకే వరుస అయిపోతుంది. కథనంలో వాడుకోవచ్చు, డైలాగులో వద్దు. అయినా తుపాకీ పట్టుకున్న రౌడీ ఆ మాట అంటాడా?

పాతకథలు: రౌడీ వేరు, గ్యాంగ్‌స్టర్ వేరు. రౌడీ బస్తీకి, గ్యాంగ్‌స్టర్ ముఠాకి.

కత్తెర: ప్రెస్సుకి పంపేముందు క్రియేట్ అవుట్‌లైన్స్ కొట్టండి, అక్షరాలు బొమ్మలుగా మారిపోతాయి. టెక్స్ట్ ఉన్న కాపీ విడిగా దాచుకోండి, ఆ తర్వాత అక్షరదోషం దిద్దలేరు.

చుక్కలగీత: వత్తులు వచ్చేశాయి, థాంక్సండి. లీడింగ్ మారిస్తే 9వ పేజీలో మూడు బుడగలు ముఖాల మీదికొచ్చాయి, అవి జరుపుతున్నా.

పాతకథలు: మరి డ్రాకులా సంగతి?